మంచులో సైకిల్ బెల్లు

సైకిల్ మీద, కాలవ గట్టు మీదుగానా? ఎందాకా, ఆఖరి లాకు దాకానా? ఊఁ. కూర్చో, ఆ కుర్చీ ఇటు లాక్కో. నేను వద్దనట్లేదు తల్లీ, మీ అమ్మే వద్దనలేదు, మధ్యలో నేనెవర్ని. వెళ్ళు, బ్రహ్మాండంగా ఉంటుంది. ఎక్కడం దిగడం ఉండదు, అంతా బల్లపరుపు, తొక్కుతున్నట్టు కాళ్ళకి తెలియను కూడా తెలీదు. ఒక పక్క కాలవ, ఒక పక్క రెల్లు, పైన ఆకాశం, అంతే. కాకపోతే లాకు దాటాక, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర, బురదలోంచి అవతలి గట్టుకి ఒక రాళ్ళబాట ఉండేది. రోజుకి రెండుసార్లు పోటొచ్చి దాన్ని ముంచేసి పోయేది. ఇప్పుడుందో లేదో. ఉంటే మాత్రం దాని మీదకి దిగకు. ఎందుకా? ఎందుకంటే... మా మేనత్త సంగతి నీకు ఎవరూ చెప్పి ఉండరు. చెప్పడానికి నేను తప్ప ఎవరున్నారు కనక.

హలో అత్త అనేవాళ్ళం. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పని. అప్పట్లో మనం నంబరు తిప్పితే పోయేది కాదు, ఫోనెత్తితే ఒక ఆడమనిషి పలికి, ఎవరు కావాలి అని అడిగి, వైరు తీసి కన్నంలో గుచ్చి కలిపేది. ఆ ఆడమనిషే మా అత్త. చెవులకి ఆ ఇనప గొట్టాలు పెట్టుకుని ఇరవై రెండేళ్ళు కూర్చుంది. ఊళ్ళో ఎవరు పోయినా, ఎవరికి రోగమొచ్చినా, ఎక్కడ బస్సు బోల్తా పడినా, ఆ కబురు ముందు ఆవిడ చెవిలోంచి దాటాకే ఇంటివాళ్ళకి చేరేది. అలా విని విని భయం పట్టేసింది మనిషికి. కుక్క అంటే భయం, ఉరుమంటే భయం, ఎవరైనా పావుగంట ఆలస్యంగా వస్తే భయం. తలుపు గడియ పెట్టి, మళ్ళీ లేచి చూసి, మళ్ళీ పడుకుని, మళ్ళీ నన్ను లేపి "ఒరేయ్, ఓసారి చూసి రారా" అనేది. నవ్వుకునేవాళ్ళం. మా నాన్న అయితే ఆవిడ ముందే, "దీనికి భయపడటం కూడా ఒక ఉద్యోగమే, జీతం ఇవ్వట్లేదంతే" అనేవాడు. ఆవిడా నవ్వేసేది. నవ్వుతూనే వెళ్ళి కిటికీ గడియ చూసొచ్చేది.

మావయ్య దానికి పూర్తిగా ఎదురు. కాలవల ఆఫీసులో పటాలు గీసేవాడు. పెద్ద బల్ల, దాని మీద పరిచిన కాగితం, చెవి మీద పెన్సిలు. ఏ కాలవ ఎక్కడ పుట్టింది, ఏ లాకు దగ్గర చీలింది, ఏ గట్టు ఎంత ఎత్తు, నోటికొచ్చు. కళ్ళు మూసుకుని వెళ్తానోయ్ అనేవాడు. మంచివాడే. నీకు ముందే చెప్తున్నా, మంచివాడు. నాకు సైకిల్ నేర్పింది ఆయనే. కాకపోతే తనకి తెలియనిది ఒకటి ఉంటుందని ఆయనకి తోచేది కాదు, అంతే.

పిల్లల్లేరు వాళ్ళకి. ఎక్స్ఛేంజీలో మనుషుల బదులు మిషన్లు పెట్టాక అత్తని కాగితాల సెక్షనుకి మార్చారు, ఆదివారాలు సెలవు దొరికింది. అదే ఏడు మావయ్యకి షుగరని తేలింది. డాక్టరు ఒళ్ళు కదపమన్నాడు. రెండు సైకిళ్ళు కొన్నాడు. నలభై ఏడేళ్ళ మనిషి అత్త, సైకిల్ సీటు చూస్తేనే దణ్ణం పెట్టేసింది. ఇంటి వెనక సందులో ఆయన సీటు పట్టుకుని పరిగెత్తడం, ఈవిడ "వదలకండి, వదలకండి" అనడం, నెల రోజులు ఆ సందులో వాళ్ళందరికీ అదే కాలక్షేపం. మొత్తానికి నేర్చుకుంది. ఆ తర్వాత జరిగిందే మాకు విచిత్రం. గట్టు మీదకి వెళ్ళాక ఆవిడకి భయం పోయింది. ఎందుకో తెలుసా? తనే చెప్పింది నాకు. "అక్కడ అంతా చదును రా, ఏదొచ్చినా మైలు దూరం నుంచే కనిపిస్తుంది. మలుపుల్లేవు, మూలల్లేవు, వెనకనుంచి మీదపడేదేమీ లేదు" అంది. నాలుగేళ్ళు తిరిగారు అలా. నడిచేవాళ్ళు కూడా వాళ్ళని దాటిపోయేవాళ్ళు, అంత నిదానం. వంతెన వంతెనకీ ఆగడం, ఫ్లాస్కులో కాఫీ కాస్త కాస్త తాగడం, ఆయన ఇది ఫలానా కాలవ అని చెప్పడం, ఈవిడ రెల్లులో పిట్టల అరుపులు వినడం. ఒక్కొక్కసారి రెండు రోజుల ప్రయాణం పెట్టుకునేవాళ్ళు, మధ్యలో ఎక్కడో గది తీసుకుని. ముందు మావయ్య, పది గజాల వెనక అత్త. ఎప్పుడూ అంతే.

అలాంటిదే ఒక చలికాలం ప్రయాణం. శనివారం సాయంత్రానికి ఆఖరి లాకు పక్కనున్న బంగళాలో దిగారు. ఆదివారం పొద్దున్నే ఎండ, గాలి లేదు, నీళ్ళు అద్దంలా ఉన్నాయిట. లాకు దగ్గర గేట్లు దించే ముసలాయన ఒకడుండేవాడు, లాకు తాత అందాం. రాళ్ళబాట చూసి వస్తామంటే ఆయన అన్నాడట, పదకొండు లోపల ఇవతలికి వచ్చెయ్యండి, పోటు మొదలవుతుంది, పైగా ఇలా గాలి ఆగిపోయిన రోజు మంచు దిగుతుంది అని. మావయ్య చొక్కా జేబులోంచి కాగితం తీసి, పన్నెండుంపావు దాకా ఫరవాలేదు, నా దగ్గర రాసుంది అన్నాడు. ఆఫీసు నుంచి పోటు వేళల కాగితం రాసుకొచ్చాడు. తర్వాత చూస్తే అది పక్క రోజుది, ఒక వరుస కింద చూసి రాసుకున్నాడు. అంత చిన్న తప్పు. లాకు తాత ఏమంటాడు, ఆఫీసు మనిషి కదా. అత్త మాత్రం ఆ పదకొండు అన్న మాట మనసులో పెట్టేసుకుంది. ఎవరు భయపెట్టినా వాళ్ళ మాటే నమ్మేది కదా ఆవిడ.

వెళ్ళడం బాగానే వెళ్ళారు. మైలున్నర బాట, రెండు పక్కలా బూడిదరంగు బురద, దాని మీద పిట్టల కాళ్ళ ముద్రలు. అవతలి గట్టున ఉడకబెట్టిన గుడ్లు తిన్నారు, కాఫీ తాగారు. మావయ్య చిన్న బొమ్మ గీస్తానని కూర్చున్నాడు. పదిన్నరకి అత్త లేచింది. ఉండవే అన్నాడు. మళ్ళీ లేచింది. వాచీ చూపించి, "ఇంకా గంటన్నర ఉంది, నీ భయం కోసం సముద్రం ముందే రాదు" అన్నాడు. పదకొండు దాటాక బయల్దేరారు. సగం దూరం వచ్చారో లేదో, సముద్రం వైపు నుంచి తెల్లగా ఒక గోడ లేచినట్టు వచ్చింది. గాలి లేదు, చప్పుడు లేదు. ముందు పిట్టలు కనపడలేదు, తర్వాత బురద కనపడలేదు, ఆ తర్వాత పది గజాల ముందున్న మావయ్య కూడా కనపడలేదు. దిగి నడుద్దామంది. దిగారు. బాట పక్కన పిల్లకాలవ లాంటి పాయ ఒకటి ఉంది. దాంట్లో ఒక గడ్డిపోచ పోతోంది. పొద్దున వచ్చేటప్పుడు సముద్రం వైపు పోతున్న నీళ్ళు, ఇప్పుడు ఊరి వైపు పోతున్నాయి. ఆవిడ ఆ గడ్డిపోచనే చూస్తూ, "ఏవండీ, నీళ్ళు వెనక్కి తిరిగాయి" అంది. ఆయన ఏమీ అనలేదట. ఏమీ అనకపోయేసరికే ఆవిడకి ఎక్కువ భయం వేసింది. ఆయన జవాబు చెప్పకుండా ఉండటం అంతకుముందు ఎప్పుడూ వినలేదు.

నడక ఎక్కువ చేశారు. రాళ్ళ మీద పాకుడు. అత్త కాలు జారి బాట పక్కకి పడింది, సైకిలుతో సహా. కుడికాలు మోకాలి పైదాకా దిగిపోయింది. ఆ బురద నీకు తెలీదు తల్లీ, పైకి గట్టిగా కనిపిస్తుంది, లోపల పట్టుకుంటే ఎవరో చేత్తో పట్టుకున్నట్టే ఉంటుంది. మావయ్య చంకల కింద చేతులు వేసి లాగాడు. రాలేదు. ఇంకోసారి లాగాడు. ఆయన కాలు కూడా జారింది. అప్పటికి నీళ్ళు రాళ్ళ మీదకి వచ్చేస్తున్నాయి, పల్చగా, పాలు పొంగినట్టు. ఆయన ఊపిరి చప్పుడు మారిపోయింది అంది అత్త. "ఎన్ని వేల గొంతులు విన్నాను, భయపడ్డ మనిషి ఊపిరి ఎలా ఉంటుందో నాకు తెలీదా" అంది. నేను వెళ్ళి మనుషుల్ని తీసుకొస్తానన్నాడు. ఈవిడ ఆయన చెయ్యి పట్టుకుని, "వెళ్ళకండి" అంది. చెయ్యి విడిపించుకున్నాడు. లాగి విడిపించుకున్నాడు. సైకిలెక్కాడు. టైర్ల కింద రాళ్ళ చప్పుడు, కాసేపటికి అదీ లేదు.  చెయ్యి విడిపించుకున్న సంగతి చెప్పేటప్పుడు అత్త తన మణికట్టు తడుముకుంది, ఇదిగో ఇక్కడ.

ఊఁ? ఎలా బయటపడిందా. చెప్తాగా. అంతవరకూ భయపడ్డవన్నీ, కుక్కలూ ఉరుములూ, వాటన్నిటికీ ఒక శబ్దం ఉందట, దీనికి శబ్దం లేదు. నీళ్ళు పెరుగుతుంటే చప్పుడు కాదు. చూసిన ప్రతిసారీ ఇంకో రాయి ఉండదు, అంతే. కేకలు వేసింది. ఆ మంచులో తన గొంతు తనకే ఎవరిదోలా వినపడింది. కేకలు మానేసింది. ఎవరు చెప్పారో ఏమో, ఎప్పుడో ఏ ఫోన్లో విందో, బురదలో నిలబడితే దిగుతావు, పడుకుంటే దిగవు అన్నది గుర్తొచ్చింది. సైకిలు పడుకోబెట్టింది. దాని మీద బోర్లా పడుకుంది. చక్రం ఊచలు పట్టుకుని, కాలు అటూ ఇటూ, కొంచెం కొంచెం, వేలెడేసి చొప్పున లాక్కుంది. చెప్పు లోపలే ఉండిపోయింది. కాలు బయటికి వచ్చేసరికి నీళ్ళు గడ్డం దగ్గరున్నాయి, పడుకుని ఉంది కదా. లేచి నిలబడితే మోకాలి దాకా. ఏ వైపు గట్టు, ఏ వైపు సముద్రం, ఏమీ తెలీదు. అప్పుడు మోగింది. లాకు దగ్గర ఇనప పట్టా ముక్క ఒకటి వేలాడదీసి ఉండేది. ముందు గేటు దించుకోవాలి కదా, లేకపోతే ఉప్పునీళ్ళు కాలవలోకి ఎక్కేస్తాయి, ఆ పని అవగానే లాకు తాత సమ్మెట తీసుకుని ఆ పట్టా మీద కొట్టడం మొదలుపెట్టాడు. ఇద్దరు మనుషులు లోపలున్నారని ఆయనకి గుర్తుంది. అత్త ఆ మోత వైపు నడిచింది. సైకిలు వదిలేసింది. కాలి వేళ్ళతో రాళ్ళు తడుముకుంటూ, మోత ఆగితే ఆగుతూ, మోగితే కదులుతూ. నడుము దాకా వచ్చాయి నీళ్ళు. అలా వచ్చి లాకు మెట్లకి తగిలింది. ముసలాయన సమ్మెట పడేసి, కిందికి దిగి, జబ్బ పట్టుకుని పైకి లాగాడు. గోనెపట్టా కప్పాడు.

ఆయన అడిగిన మొదటి మాట, "అయ్యగారేరమ్మా?" అని. ముందే వచ్చారు కదా అంది అత్త. ఎవరూ రాలేదమ్మా అన్నాడు.

ఆ బాటలో ఒక చీలిక ఉంది. చేపల వలలు కట్టే గుంజల దాకా వెళ్ళి ఆగిపోతుంది. మావయ్య పటంలో అది లేదు. మంచులో అటు వెళ్ళిపోయాడు. ఇది తర్వాత తెలిసింది. అప్పుడు తెలిసిందల్లా ఆయన రాలేదని. లాకు తాత మళ్ళీ సమ్మెట చేతిలోకి తీసుకున్నాడు. అప్పుడే వినపడింది, మంచులోంచి, సైకిల్ బెల్లు. ఆ బెల్లు అత్తకి తెలుసు, నాలుగేళ్ళు దాని వెనకే తొక్కింది. బెల్లు, దాని వెంట గొంతు. పిలుస్తున్నాడు. "ఎక్కడున్నావే" అని. దగ్గరే. ఓ వంద గజాలుంటుంది. మోత పట్టుకుని ఇంతదాకా వచ్చాడు, మోత ఆగేసరికి దారి పోయింది. లాకు తాత సమ్మెట ఎత్తాడు. అత్త ఆయన చెయ్యి పట్టుకుంది. పట్టుకుని, "ఆగు తాతా, ఏదో వినపడినట్టుంది. మోగిస్తే వినపడదు, విననీ" అంది. టెలిఫోన్ ఆవిడ అని రాత్రి మాటల్లో చెప్పుకున్నారు కదా, ఆయన సరేనని ఆగాడు. ముసలాయన, చెవులు అంతంత మాత్రం. ఆవిడ మొహం చూస్తూ నిలబడ్డాడు, పాపం, వినపడగానే చెప్తుంది కదా అని.

వినడానికేముంది? అన్నీ వినపడుతున్నాయి. బెల్లు మోగింది. ఆగింది. మళ్ళీ మోగలేదు, అంటే సైకిలు పోయిందన్నమాట. గొంతు మాత్రం వస్తోంది, ఇందాకటికంటే కిందనుంచి. పేరు పెట్టి పిలిచాడు, పెళ్ళయ్యాక ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదట. ఈవిడ ముసలాయన మణికట్టు పట్టుకుని అలాగే నిలబడింది. ఎంతసేపత్తా అని అడిగా నేను. "దూరపు ఊళ్ళ కాల్ అయితే మూడు నిమిషాలకి మధ్యలోకి వెళ్ళి టైమయిందని చెప్పేవాళ్ళం. ఇరవై రెండేళ్ళు చెప్పాను. మూడు నిమిషాలు ఎంతో నాకు గడియారం అక్కర్లేదురా" అంది. ఇంక నేను అడగలేదు. ఆ తర్వాత గొంతు ఆగిపోయింది.  చెయ్యి వదిలేసి, కొట్టు తాతా కొట్టు అని, తనే ఆ సమ్మెట లాక్కుని కొట్టింది. చేతులు బొబ్బలెక్కేదాకా కొట్టింది.

వచ్చాడు. మెడ దాకా నీళ్ళలో, ఒక వెదురు గుంజ పట్టుకుని. ఇద్దరూ కలిసి పైకి లాగారు. మెట్ల మీద పడిపోయి, కాసేపు కక్కుకుని, తలెత్తి అత్తని చూశాడు. బతికుందని సంతోషం ఉంటుంది కదా మొహంలో, ఉందట. దాని వెనకే ఇంకోటి కూడా వచ్చిందట. లాకు తాత వైపు ఓసారి చూసి, "నువ్వే కదా నన్ను వెళ్ళమన్నావ్" అన్నాడు. అత్త, "అవును" అంది.

అంతే. ఊళ్ళో అందరికీ తెలిసిన కథ అదే. తను బురదలో ఉండి కూడా మొగుణ్ణి పొమ్మందట, ఎంత ధైర్యమో అని. పిరికిది అని నవ్విన మా నాన్న కూడా చెల్లెలి గురించి పదిమందికి గొప్పగా చెప్పుకున్నాడు. మావయ్యా చెప్పేవాడు, అదే వెళ్ళమంది అని, ఎవరూ అడక్కపోయినా. అలా మెచ్చుకునేవాళ్ళెవరైనా ఇంటికొస్తే అత్త వంటగదిలోకి వెళ్ళిపోయేది. సిగ్గనుకునేవాళ్ళం. ఇంకోటి, ఆ తర్వాత ఆవిడకి కుక్కలన్నా ఉరుములన్నా భయం పోయింది. గడియ కూడా ఒక్కసారే వేసేది. నేను సంబరపడ్డాను, అదృష్టవంతురాలివి అత్తా అన్నాను.  భయం పోలేదు తల్లీ, బయట ఉన్నది లోపలికి వెళ్ళింది. రాత్రుళ్ళు ఆయన దగ్గినా లేచి కూర్చునేదట, తను ఏం చేస్తుందో అని. ఆయన సంగతి చూద్దామా, ఆయనకి ఎక్కడ ఈవిడ నలుగురిలో నిజం చెప్పేస్తుందో అని భయం. పద్దెనిమిదేళ్ళు.

మళ్ళీ గట్టు మీదకి వెళ్ళారా అంటే, వెళ్ళారు. ఏడాది ఆగి, వేరే సైకిళ్ళు కొనుక్కుని. ఆ మొగ వైపు కాదు, ఊరి పక్క కాలవల మీదే. కాకపోతే ఈసారి ముందు అత్త, వెనక మావయ్య. పెళ్ళానికి ఎంత మర్యాద ఇస్తాడో అని జనం మెచ్చుకునేవాళ్ళు. నేనూ ఒకట్రెండు సార్లు వాళ్ళతో వెళ్ళాను. ఆయన పది గజాల వెనక ఉండేవాడా, ఆవిడ నిమిషానికోసారి వెనక్కి తిరిగి చూసేది. ఆయన కనపడుతున్నాడా లేదా అని కాదని, వెనకున్నది ఆయన కాబట్టేనని నాకు తర్వాత అర్థమయింది. ఏమో, అది కూడా అయుండచ్చు. ఇద్దరూ ఒక్క మాట అనుకుంది లేదు, తిట్టుకుంది లేదు. కాఫీ తాగేవాళ్ళు. పిట్టల గురించి మాట్లాడుకునేవాళ్ళు.

ఇదంతా అత్త నాకు ఎప్పుడు చెప్పిందంటే, ఆయన పోయిన ఆరు నెలలకి, ఒక మధ్యాహ్నం, ఉతికిన బట్టలు మడతపెడుతూ. నేనేదో మావయ్య చొక్కా ఒకటి అడిగాను, గుర్తుగా ఉంచుకుందామని. చొక్కా ఇచ్చి, దాంతో పాటు ఇదీ ఇచ్చింది. ఆఖర్లో ఆయన కాలు తీసేశారు కదా, షుగరు ముదిరి, ఆసుపత్రిలో నెల పైన ఉన్నాడు. ఇద్దరు పట్టే గది, పక్క మంచం ఖాళీ. ఒకరోజు పొద్దున, నర్సు వచ్చి వెళ్ళాక, ఆయన గోడ వైపు తిరిగి పడుకుని అడిగాడట, "ఆ రోజు ఇనప మోత మధ్యలో ఎందుకాగింది?" అని. పద్దెనిమిదేళ్ళకి. అబద్ధం చెప్పచ్చు, ముసలాయన నన్ను పైకి లాగుతున్నాడు అనచ్చు, సగం నిజమే కదా అది. ఈవిడ, "నేనే ఆపించాను. మీ గొంతు వినపడింది" అంది.  బయట ఎవరో మందుల బండి తోసుకుంటూ పోయారట, దాని చక్రాల చప్పుడు అటు చివరికి పోయేదాకా ఆవిడ వింటూ కూర్చుంది. అప్పుడన్నాడు, "నువ్వు వెళ్ళొద్దన్నావ్. అది నాకూ వినపడింది" అని.

ఆ తర్వాతా? తర్వాత ఏముంది, తొమ్మిది రోజులు బతికాడు. దాహమేస్తోంది అన్నాడట కాసేపటికి. అత్త లేచి గ్లాసులో నీళ్ళు పోసి ఇచ్చింది. ఆయన దాన్ని తీసుకుని, తాగే ముందు, ఓసారి గ్లాసులోకి చూశాడట. ఓ క్షణం. అత్త కూడా ఆయన చూడటం చూసింది. తర్వాత తాగేశాడు, మొత్తం, చుక్క మిగల్చకుండా. ఖాళీ గ్లాసు ఆవిడ చేతికిచ్చాడు.

...

ఏమో. గ్లాసులోకి ఎందుకు చూశాడో నాకేం తెలుసు. ఆ కిటికీ రెక్క వేసెయ్ తల్లీ, చల్లగాలి కొడుతోంది.